తెల్ల కాగితం మీద కొన్న చెలక ఎవరిది? సాదా బైనామాల చిక్కు ఎక్కడుంది

క్లుప్తంగా: రిజిస్ట్రీ లేకుండా మామూలు కాగితం మీద రాసుకున్న భూమి అమ్మకాన్ని తెలంగాణలో సాదా బైనామా అంటారు. ఆ కాగితం ఒక్కటే యాజమాన్యం ఇవ్వదు. అలాగని అది చెత్త కాగితమూ కాదు. 2014 జూన్ 2కు ముందు కొని, 2020లో దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకు భూ రికార్డుల కొత్త చట్టమైన భూ భారతి కింద ఇప్పుడు దారి తెరుచుకుంది. మిగతావాళ్లు అమ్మినవారి వారసులందరితో కొత్తగా రిజిస్ట్రీ చేయించుకోవాలి, లేదంటే సివిల్ కోర్టుకు వెళ్లాలి. కోర్టు దారిలో గడువులు చిన్నవి. చాలామంది ఓడిపోయేది అక్కడే.

మళ్లీ ఎందుకు చర్చకు వచ్చింది

జడ్చర్ల, దేవరకొండ, అచ్చంపేట, మునుగోడు వైపు ఏ తహసీల్ ఆఫీసు ముందు నిలబడినా ప్లాస్టిక్ కవర్లో మడతలు పడ్డ కాగితం పట్టుకున్న రైతు కనిపిస్తాడు. కాగితం మీద వేలిముద్రలు, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల సంతకాలు, నాలుగు దిక్కుల హద్దులు ఉంటాయి. భూమి ముప్పై ఏళ్లుగా ఆయన దున్నుతున్నదే. పాసు పుస్తకం మాత్రం ఇంకొకరి పేరు మీద ఉంటుంది.

ఈ సమస్య కొత్తది కాదు. 2025 ఏప్రిల్ 14న భూ భారతి చట్టం అమల్లోకి వచ్చాక, అదే ఏడాది ఆగస్టులో హైకోర్టు దగ్గర ఐదేళ్లుగా ఆగి ఉన్న అడ్డంకి తొలగాక, పాత దరఖాస్తులు కదలడం మొదలైంది. దాంతో ఊళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. కాగితం ఉంటే చాలు పట్టా అయిపోతుందని కొందరు అంటున్నారు. రిజిస్ట్రీ లేని కాగితానికి విలువే లేదని, భూమి వదులుకోవాల్సిందేనని ఇంకొందరు భయపెడుతున్నారు. రెండూ తప్పే. అసలు విషయం ఈ రెండింటి మధ్య ఉంది, కాస్త ఓపికగా చూస్తేనే తెలుస్తుంది.

కాగితం ఎలా పుట్టింది

బై అంటే అమ్మకం, నామా అంటే పత్రం. సాదా అంటే స్టాంపు, ముద్ర లేని మామూలుది. నిజాం కాలం నుంచి వచ్చిన రెవెన్యూ భాషలో పహాణి, సేత్వార్, ఫైసల్ పట్టీ, విరాసత్ లాంటి మాటలతో పాటు ఇదీ ఊళ్లలో నిలిచిపోయింది.

ఇలాంటి అమ్మకాలు దక్షిణ తెలంగాణలో ఎందుకు ఎక్కువన్నది అర్థం కావాలంటే పాలమూరు వలస గుర్తుకు రావాలి. వానల మీద ఆధారపడిన చెలకల్లో పంట పోయిన ఏడు బొంబాయికో పుణెకో మేస్త్రీ వెంట బయల్దేరిన కుటుంబం, అప్పు తీర్చడానికి ఎకరమో రెండెకరాలో పక్క రైతుకు అమ్మేది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల రోగాలు వచ్చి, ఆసుపత్రి ఖర్చులకు భూమి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. అప్పట్లో ఎకరం ధర వేలల్లో ఉండేది. తాలూకా కేంద్రానికి పోయిరావడం, స్టాంపులు, రాతకూలి, సాక్షుల ఖర్చు కలిపితే ఆ ధరలో పెద్ద వాటానే పోయేది. పైగా ఊరందరి ముందు మాట ఇచ్చుకున్నాక మళ్లీ ఆఫీసుకు ఎందుకన్న నమ్మకం ఉండేది. ఆ నమ్మకం చాలాచోట్ల నిలబడింది కూడా. అమ్మినవాళ్లు బతికున్నంత కాలం పేచీ పెట్టిన సందర్భాలు తక్కువ. తగాదా ఎక్కువగా వాళ్ల తర్వాతి తరంతో, భూమి ధర పెరిగాకే మొదలైంది.

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా పోతుంది. విజయవాడ వెళ్లే 65వ నంబరు రహదారి చౌటుప్పల్, నకిరేకల్ మీదుగా పోతుంది. ఈ రోడ్ల చుట్టూ వెంచర్లు వచ్చాయి. పాలమూరు–రంగారెడ్డి, డిండి ఎత్తిపోతల పథకాల కింద రిజర్వాయర్లకు భూసేకరణ జరిగింది. ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేని చెలక మీద ఒక్కసారిగా అందరి కళ్లు పడ్డాయి.

కాలమ్ పోయింది, కష్టం మొదలైంది

చట్టం సంగతికి ముందు రికార్డుల్లో వచ్చిన ఒక మార్పు గురించి చెప్పుకోవాలి. రైతుల బాధ చాలావరకు అక్కడి నుంచే పుట్టింది.

పాత పహాణిలో, అంటే ఊరి భూముల లెక్క ఏటా రాసే రికార్డులో, పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు, అంటే కాస్తు చేస్తున్నవారి పేరు రాసే కాలమ్ కూడా ఉండేది. సాదా బైనామాతో కొన్న రైతు పేరు ఏటా ఆ కాలమ్‌లో ఎక్కేది. పట్టా పాత యజమాని పేరు మీదే ఉన్నా, భూమి మీద ఉన్నది ఎవరో రికార్డే చెప్పేది. ఆ పహాణి నకలు పెట్టి బ్యాంకులో పంట రుణం తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. 2017 సెప్టెంబర్‌లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో కొత్త పాసు పుస్తకాలు పట్టాదారు పేరు ఆధారంగానే తయారయ్యాయి. 2020 అక్టోబర్ 29న భూ రికార్డుల కోసం వచ్చిన ధరణి పోర్టల్‌లో అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది.

కాగితం మీద ఒక గడి తీసేసినట్టే అనిపిస్తుంది గానీ, దాని వెనకాలే డబ్బు కదిలింది. 2018 మేలో మొదలైన రైతు బంధు ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయల చొప్పున పట్టాదారు ఖాతాలోనే పడింది. తర్వాత అది 5,000 అయింది. 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో ఏడాదికి 12,000 అయింది. 2018 ఆగస్టు 15 నుంచి అమల్లో ఉన్న రైతు బీమా 5 లక్షలు కూడా పట్టాదారు కుటుంబానికే అందుతుంది. ఎప్పుడో ఊరు వదిలి పోయిన పాత యజమాని కొడుకుకు, తనకు ఆ ఊళ్లో ఒక సర్వే నంబరు ఉందని ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌తో తెలిసిన సందర్భాలు ఊరూరా చెప్పుకుంటారు. భూమి దున్నే రైతు చనిపోతే ఆ ఇంటికి బీమా రాదు, ఎందుకంటే లెక్కల్లో ఆయన రైతే కాదు. సాదా బైనామా గొడవను భూమి తగాదాగా మాత్రమే చూస్తే ఈ నష్టం కనిపించదు.

భూసేకరణలోనూ అంతే. నోటీసు రికార్డులో ఉన్న పేరుకే వస్తుంది. అయితే 2013 భూసేకరణ చట్టంలో ఒక వీలుంది. పరిహారం ఎవరికి చెందాలన్న తగాదా వస్తే విషయాన్ని అథారిటీకి పంపి, సొమ్మును అక్కడ జమ చేయవచ్చు. కాబట్టి సేకరణ నోటీసు వచ్చిన ఊళ్లో భూమి స్వాధీనంలో ఉన్న రైతు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వడం, దానికి రసీదు తీసుకోవడం చాలా ముఖ్యం. నోటిమాటగా చెప్పి ఊరుకుంటే చెక్కు పోయాక చేయగలిగింది తక్కువ.

చట్టం ఏమంటుంది

ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. 100 రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ దస్తావేజు ద్వారానే జరగాలని దాని 54వ సెక్షన్ చెబుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ కావలసిన పత్రం రిజిస్టర్ కాకపోతే హక్కు రుజువుకు పనికిరాదు. నోటరీ చేయించినా ఫలితం ఇదే. నోటరీ ముద్ర ఆ రోజు ఆ మనిషి సంతకం పెట్టాడని చెబుతుంది తప్ప భూమిని చేతులు మార్చదు.

మరి ఆ కాగితం దేనికి పనికొస్తుంది? అదే 49వ సెక్షన్ చివర ఒక మినహాయింపు ఉంది. రిజిస్టర్ కాని ఒప్పందాన్ని, ఆ ఒప్పందం అమలు చేయించమని వేసే దావాలో సాక్ష్యంగా చూపవచ్చు. భూమి ఎవరి స్వాధీనంలో ఉంది, ఎప్పటి నుంచి, ఏ హోదాలో అన్న అనుబంధ విషయాలకూ చూపవచ్చు. అయితే కోర్టు ముందుకు తేగానే స్టాంపు సంగతి వస్తుంది. స్టాంపు తక్కువైన పత్రాన్ని కోర్టు ఇంపౌండ్ చేస్తుంది, అంటే తన దగ్గరే ఆపి ఉంచుతుంది. తక్కువ పడిన సుంకం, దానిమీద పది రెట్ల దాకా జరిమానా కట్టాకే చదువుతుంది. భూమి స్వాధీనం చేశానని కాగితంలో రాసి ఉంటే, పేరుకు ఒప్పందమే అయినా మన రాష్ట్రంలో అమ్మకపు దస్తావేజు లెక్కన స్టాంపు అడుగుతారు. ఈ ఖర్చు గురించి ముందే తెలియక దావా మధ్యలో ఆగిపోయేవాళ్లు ఎందరో.

రెండో మాట. పాసు పుస్తకంలో పేరున్నంత మాత్రాన అది తిరుగులేని యాజమాన్యం కాదు. రెవెన్యూ రికార్డులో నమోదు హక్కును సృష్టించదని, శిస్తు వసూలు కోసం ఉన్నదేనని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. ఆ నమోదు నిజమని ముందుగా భావిస్తారు, కాదన్నవారు రుజువు చేసుకోవాలి. కాబట్టి కాగితం పట్టుకున్న రైతుకు ఉన్నట్టే, పుస్తకం పట్టుకున్న వారసుడికీ ఒక బలహీనత ఉంది.

సెక్షన్ 5-ఎ నుంచి సెక్షన్ 6 దాకా

ఇలాంటి అమ్మకాలు లక్షల్లో ఉన్నాయని ప్రభుత్వాలకు ఎప్పటి నుంచో తెలుసు. అందుకే 1971 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాసు పుస్తకాల చట్టంలో సెక్షన్ 5-ఎ చేరింది. తహసీల్దారు ఇరువైపులా నోటీసులిచ్చి, విచారణ చేసి, స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుం కట్టించుకుని 13-బి ధ్రువపత్రం ఇచ్చేవారు. దాంతో సాదా కాగితం చెల్లుబాటు అయ్యేది. ఊళ్లలో ఇప్పటికీ "13-బి అయిందా?" అని అడగడం అందుకే.

2016లో తెలంగాణ ప్రభుత్వం 2014 జూన్ 2ను కటాఫ్ తేదీగా పెట్టి, ఐదెకరాల లోపు భూములకు సుంకం లేకుండానే క్రమబద్ధీకరణ చేపట్టింది. అది అందుకోలేనివాళ్ల కోసం 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 దాకా మీ సేవ కేంద్రాల్లో మళ్లీ దరఖాస్తులు తీసుకున్నారు. రాష్ట్రమంతా కలిపి దాదాపు 9 లక్షలు వచ్చాయి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, దరఖాస్తులు తీసుకుంటుండగానే చట్టం మారిపోయింది. అక్టోబర్ 29న అమల్లోకి వచ్చిన 2020 చట్టం 1971 చట్టాన్ని రద్దు చేసింది. కొత్త చట్టంలో 5-ఎ లాంటి నిబంధనే లేదు. లేని చట్టం కింద దరఖాస్తులు ఎలా పరిష్కరిస్తారన్న ప్రశ్న హైకోర్టుకు వెళ్లింది, 2020 నవంబర్‌లో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. 29వ తేదీ తర్వాత వచ్చినవే ఎక్కువ కాబట్టి మొత్తం వ్యవహారం అక్కడే గడ్డకట్టింది. రైతు తప్పు ఇందులో ఒక్కటీ లేదు. ప్రభుత్వం చెప్పిన గడువులోనే ఆయన రుసుం కట్టి రసీదు తీసుకున్నాడు.

భూ భారతి చట్టం సెక్షన్ 6 ఈ ఖాళీని పూడ్చడానికి వచ్చింది. దాని షరతులు జాగ్రత్తగా చదవాలి. కొనుగోలు 2014 జూన్ 2కు ముందు జరిగి ఉండాలి. పన్నెండేళ్లుగా భూమి అనుభవంలో ఉండాలి. చిన్న లేదా సన్నకారు రైతు అయి ఉండాలి. 2020లో ఆ 30 రోజుల మధ్యే దరఖాస్తు చేసి ఉండాలి. విచారించేది ఇప్పుడు తహసీల్దారు కాదు, ఆర్డీఓ (రెవెన్యూ డివిజన్ అధికారి). ఆయన ఉత్తర్వు నచ్చకపోతే కలెక్టర్‌కు, ఆపై భూమి ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే ఏర్పాటు ఉంది. ధరణి రోజుల్లో తప్పు జరిగితే నేరుగా సివిల్ కోర్టుకే పోవాల్సి వచ్చేది కాబట్టి ఇది పెద్ద మార్పే.

అంటే ఇది కొత్త దరఖాస్తులకు తెరిచిన తలుపు కాదు. 2025 జూన్‌లో ఊరూరా జరిగిన రెవెన్యూ సదస్సుల్లో కాగితాలు ఇచ్చి, పని అయిపోతుందని ధీమాగా ఉన్నవాళ్లు ఒకటి సరిచూసుకోవాలి. 2020 నాటి మీ సేవ రసీదు నంబరు దొరికితేనే ఈ దారి. రసీదు పోయినా దరఖాస్తు వివరాలు ఆన్‌లైన్‌లో ఉండే అవకాశం ఉంది కాబట్టి సర్వే నంబరుతో వెతికించుకోవాలి.

విచారణలో కాగితం కంటే భూమి ఎక్కువ మాట్లాడుతుంది. కాగితం రాసిన నాటి నుంచి 2017 దాకా పహాణీల ధ్రువీకృత నకళ్లు, శిస్తు రసీదులు, పాత పంట రుణం కాగితాలు, బావికో బోరుకో తీసుకున్న కరెంటు సర్వీసు రికార్డు, చుట్టుపక్కల హద్దు రైతుల వాంగ్మూలాలు అక్కడ బరువైనవి. ఒరిజినల్ కాగితాన్ని చాలామంది పాడవకూడదని లామినేషన్ చేయిస్తున్నారు. అలా చేస్తే రేపు సంతకం, సిరా పరీక్షకు పంపాల్సి వస్తే ఇబ్బంది. మామూలు కవర్లో పెట్టుకోవడమే మేలు.

అమ్మినవారి కొడుకు ఒక్కడి సంతకం చాలదు

దరఖాస్తు లేనివాళ్లకు అన్నిటికన్నా తేలిక దారి, అమ్మిన కుటుంబాన్ని ఒప్పించి ఇప్పుడు రిజిస్ట్రీ చేయించుకోవడం. వ్యవసాయ భూమికి స్లాట్ బుక్ చేసుకుని తహసీల్ ఆఫీసులోనే ఇది జరుగుతుంది. మొత్తం ఖర్చు ప్రభుత్వ విలువ మీద 7.5 శాతం. 5.5 స్టాంపు సుంకం, 1.5 బదిలీ సుంకం, 0.5 రిజిస్ట్రేషన్ రుసుం కలిపి ఆ మొత్తం. మనసు ఒప్పకపోయినా అమ్మినవాళ్లకు ఎంతో కొంత చేతిలో పెట్టి చాలామంది ఈ పని పూర్తి చేసుకుంటున్నారు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతోంది. పట్టాదారు చనిపోయి ఉంటే, ఊళ్లో ఉన్న పెద్దకొడుకు దగ్గరికి వెళ్లి ఆయనతోనే సంతకం పెట్టిస్తారు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేకుండా చనిపోయినవారి స్వార్జితంలో భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే తల్లి, అందరికీ సమాన వాటా ఉంటుంది. పిత్రార్జితంలో అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుగా 1985 సెప్టెంబర్ 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఇచ్చిన రాష్ట్రాల్లో ఒకటి. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ ఆ హక్కును పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ విస్తరించింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తీర్చేసింది. అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుందని చెప్పింది.

కాబట్టి కొడుకు ఒక్కడు రాసిచ్చే దస్తావేజు అతని వాటాకే చెల్లుతుంది. మిర్యాలగూడలోనో కర్నూలులోనో కాపురం ఉంటున్న అక్కాచెల్లెళ్లు తర్వాత వాటా దావా వేస్తే తప్పుపట్టలేం. అది వాళ్ల హక్కు. "ఆడపిల్లకు కట్నం ఇచ్చేశాం" అన్న మాట కోర్టులో నిలవదు. వాళ్లు నిజంగా వదులుకోదలిస్తే రిజిస్టర్ అయిన విడుదల పత్రం రాయాలి, లేదా అమ్మకపు దస్తావేజులోనే సంతకం చేయాలి. కొనేవాడు ఒక రోజు బస్సు ఖర్చు పెట్టుకుని వాళ్ల దగ్గరికి పోయి మర్యాదగా అడగడానికి, పదేళ్లు కోర్టు చుట్టూ తిరగడానికి తేడా ఊహించుకోవచ్చు.

అన్నదమ్ముల పంపకాల కాగితాలదీ దాదాపు ఇదే కథ. పంపకం జరిగేదే ఆ కాగితంతో అయితే దానికి రిజిస్ట్రీ తప్పనిసరి. ఇదివరకే నోటితో పంచుకున్నాం, గుర్తుకోసం రాసుకుంటున్నాం అన్నదైతే తప్పనిసరి కాదు. ఒక్క వాక్యం తేడాతో కాగితం విలువ మారిపోతుంది. రాసేవాళ్లకు ఆ తేడా తెలియకపోవడం వల్ల ఇంటింటా ఇబ్బంది.

వారసులు ఒప్పుకోకపోతే

అప్పుడు కోర్టు. ఇక్కడ తేదీలే ప్రాణం.

ఒప్పందం అమలు చేయించమనే దావాకు గడువు మూడేళ్లు. కాగితంలో ఫలానా తేదీలోగా రిజిస్ట్రీ చేస్తానని ఉంటే ఆ తేదీ నుంచి లెక్క. తేదీ లేకపోతే, అవతలివాళ్లు "చేయం" అన్నట్టు తెలిసిన నాటి నుంచి లెక్క. చాలా సాదా బైనామాల్లో తేదీ ఉండదు. కాబట్టి ఇరవై ఏళ్ల నాటి కాగితమైనా గడువు దాటిందని అనుకోనక్కర్లేదు. కానీ వారసుడు లాయరు నోటీసు పంపినా, పదిమందిలో ఒప్పుకోనని చెప్పినా లెక్క మొదలైనట్టే. ఆ తర్వాత పెద్దమనుషుల పంచాయితీ అంటూ ఐదేళ్లు తిరిగితే హక్కు కాస్తా కాలం చెల్లిపోతుంది. పంచాయితీ తప్పు కాదు, గడువు లోపల ముగియకపోతేనే ప్రమాదం.

కాగితంలోని మాటలూ ముఖ్యమే. "సొమ్ము పూర్తిగా ముట్టింది, ఈ రోజు భూమి నీ కబ్జాలో పెట్టాను, ఇక నాకూ నా వారసులకూ హక్కు లేదు" అని ఉంటే అది పూర్తయిన అమ్మకం, రిజిస్ట్రీ ఒక్కటే లోటు. "బయానా ముట్టింది, మిగతాది ఇచ్చాక రిజిస్ట్రీ చేస్తాను" అని ఉంటే అది ఒప్పందం మాత్రమే. వ్యతిరేక స్వాధీనం, అంటే 12 ఏళ్లకు పైగా యజమాని హక్కును కాదంటూ బహిరంగంగా అనుభవించడం వల్ల వచ్చే హక్కు, మొదటిదానిలో వాదించవచ్చు. రెండోదానిలో రైతు యజమాని ఒప్పుకోలుతో భూమిలో ఉన్నట్టు లెక్క కాబట్టి కష్టం. ఈ తేడాను సుప్రీంకోర్టు 1990లోనే వివరించింది. అలా పండిన హక్కు మీద రైతు తానే దావా వేయవచ్చని 2019లో చెప్పింది.

ఇంకో తేదీ 2001 సెప్టెంబర్ 24. అంతకుముందు రాసిన ఒప్పందమైతే, రిజిస్టర్ కాకపోయినా ఆస్తి బదిలీ చట్టం 53-ఎ కింద రైతు తన స్వాధీనాన్ని కాపాడుకునే రక్షణ ఉంది. ఆ తర్వాతి వాటికి రిజిస్టర్ అయితేనే ఆ రక్షణ. ఈ సెక్షన్ ఎదుటివాళ్లు ఖాళీ చేయించకుండా అడ్డుకుంటుంది, పట్టా ఇప్పించదు.

జేసీబీతో వచ్చి హద్దులు చెరిపి వెళ్లగొడితే? చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టినవారి మీద, హక్కు ఎవరిదన్న చర్చ లేకుండానే, ఆరు నెలల్లో దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ ఇందుకే ఉంది. ఆరు నెలలు దాటితే ఈ సులువు పోతుంది.

వారసులు వెంచర్ వాళ్లకు రిజిస్ట్రీ చేసేస్తే అంతా అయిపోయినట్టు రైతులు కుంగిపోతారు. అక్కడా ఒక ఆశ ఉంది. ముందు ఒప్పందం సంగతి తెలియకుండా, నిజాయితీగా డబ్బిచ్చి కొన్నవారికే చట్టం రక్షణ ఇస్తుంది. భూమిలో వేరే మనిషి పంట వేసుకుని కళ్ల ముందు కనిపిస్తుంటే, కొనేవాడు అడిగి తెలుసుకోవాలి. అడగలేదు కాబట్టి తెలియదంటే కుదరదు. ఒకరి అనుభవంలో ఉన్న భూమి అంటేనే ఆ మనిషి హక్కు గురించి కొనేవాడికి తెలిసినట్టే చట్టం భావిస్తుంది. కాబట్టి తగాదా నడుస్తున్నప్పుడు భూమి పడావు పెట్టకుండా కనీసం జొన్నో కందో వేయడం వెనక చట్టపరమైన కారణం కూడా ఉంది.

30 ఏళ్లు దాటిన కాగితానికి ఇంకో సౌకర్యం. సరైన చోట భద్రంగా ఉండి బయటికి వచ్చిందైతే, అందులోని దస్తూరి, సంతకం నిజమైనవేనని కోర్టు భావించవచ్చు. సాక్షులు చనిపోయారని దిగులు పడే 1990ల నాటి కొనుగోలుదారులకు ఇది ఊరట. రిజిస్ట్రీ లోటును మాత్రం ఇది తీర్చదు.

ఏ దారీ లేని భూములు

అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన లావణి పట్టా భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు. సాదా బైనామాతో కొన్నా, రిజిస్ట్రీతో కొన్నా ఒకటే. ఎసైనీ, అంటే ప్రభుత్వం నుంచి ఆ భూమి పొందినవారి కుటుంబానికి తిరిగి ఇప్పించే అధికారం రెవెన్యూకు ఉంది. నల్లమల అంచున అమ్రాబాద్ వైపు షెడ్యూల్డ్ ప్రాంత గ్రామాల్లో 1 ఆఫ్ 70గా పిలిచే భూ బదిలీ నిబంధన గిరిజనేతరులకు భూమి చేతులు మారకుండా అడ్డుకుంటుంది. వక్ఫ్, దేవాదాయ భూములు నిషేధ జాబితాలో ఉంటాయి. కొన్నది ఇలాంటి భూమేమో పాత సేత్వార్ (మొదటి సర్వే నాటి భూ రికార్డు), 1954–55 కాస్రా పహాణి చూస్తే బయటపడుతుంది. దావాకు డబ్బు ఖర్చు పెట్టేముందే చూసుకోవాల్సింది ఇదే.

2014 జూన్ 2 తర్వాత కొన్నవాళ్లు

వీళ్ల కోసం ఇప్పటివరకు ఏ క్రమబద్ధీకరణా లేదు. అప్పటికే రిజిస్ట్రీ సౌకర్యం దగ్గర్లో ఉంది కాబట్టి తెల్ల కాగితాన్ని ప్రోత్సహించకూడదన్న ఆలోచనలో అర్థం ఉంది. కానీ భూమి ధర పెరిగాక సుంకం కూడా పెరిగి, పేద రైతుకు మళ్లీ అదే తెల్ల కాగితం దిక్కయింది. వీళ్లలో అమ్మినవారు ఇంకా బతికే ఉన్నవాళ్లే ఎక్కువ. వాళ్లు ఉండగానే, ఊళ్లోనే ఉండగానే రిజిస్ట్రీ చేయించుకుంటే తర్వాత వెతకాల్సిన సంతకాలు ఐదో ఆరో తగ్గుతాయి. సుంకానికి డబ్బు చాలకపోతే కొన్న మొత్తాన్ని ఒకేసారి కాక, సర్వే చేయించి ఎకరం చొప్పున విడివిడిగా రిజిస్ట్రీ చేసుకోవడానికి అడ్డు లేదు.

మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, ఆదాయం తక్కువున్నవారు న్యాయ సేవల సంస్థ ద్వారా ఉచితంగా లాయరును పెట్టుకోవచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది. లోక్ అదాలత్‌లో ఇరువైపులా రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. పెద్దమనుషుల ముందు కుదిరిన రాజీని అక్కడికి తీసుకెళ్లి నమోదు చేయిస్తే, ఊరి మాటకు కోర్టు ముద్ర పడుతుంది.